కాలువ డ్రాపు మీద కరెంటు: మినీ హైడల్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మినీ హైడల్ (చిన్న జలవిద్యుత్) పవర్ హౌస్‌లో పనిచేసేవాళ్ళని గట్టు మీద పోయే రైతులు ఒక రకంగా అడుగుతారు, చూడటానికొచ్చిన కాలేజీ పిల్లలు ఇంకో రకంగా అడుగుతారు. మా పొలం పక్కన వాగుంది, మేమూ పెట్టుకోవచ్చా అనేవాళ్ళు మరికొందరు. మళ్ళీ మళ్ళీ వచ్చే ఆ ప్రశ్నలకి ఇక్కడ జవాబులు రాశాను. ఎక్కువగా కాలువ డ్రాపుల (కాలువ మెట్టులాగా కిందికి దిగే చోట్ల) మీద కట్టిన కేంద్రాలనే ఉదాహరణగా తీసుకున్నాను. మన పల్లెల్లో జనానికి దగ్గరగా కనిపించేవి అవే, అపోహలు ఎక్కువగా ఉన్నదీ వాటి మీదే.

చిన్న జలవిద్యుత్ కేంద్రం అని దేన్ని అంటారు?

మన దేశంలో 25 మెగావాట్ల దాకా ఉన్నదాన్ని చిన్న జలవిద్యుత్ కేంద్రం కింద లెక్కేస్తారు. అందులోనే 100 కిలోవాట్ల లోపువి మైక్రో, అక్కడి నుంచి 2 మెగావాట్ల దాకా మినీ. వాడుకలో మాత్రం అన్నిటినీ కలిపి మినీ హైడల్ అనేస్తాం.

నిడదవోలు దగ్గర గోదావరి పశ్చిమ డెల్టా కాలువ మీద ఉన్న చెట్టిపేట కేంద్రం 1 మెగావాటు. పాలేరు 2, నిజాంసాగర్ 10, సింగూరు 15, అనంతపురం వైపు పెన్నా అహోబిలం 20, సీలేరు నది మీద డొంకరాయి సరిగ్గా 25 మెగావాట్లు. పోచంపాడు 36 మెగావాట్లు కాబట్టి ఈ లెక్కలోకి రాదు.

ఇక్కడ చిన్న, పెద్ద అనేది కరెంటుని బట్టే, డ్యామ్‌ని బట్టి కాదు. సింగూరు జలాశయం దాదాపు 30 టీఎంసీలది, హైదరాబాద్‌కి ఏళ్ళ తరబడి తాగునీళ్ళిచ్చింది. దాని పవర్ హౌస్ మాత్రం కాగితం మీద చిన్నదే.

కాలువకి డ్రాపు ఎందుకుంటుంది? అక్కడే పవర్ హౌస్ ఎందుకు కడతారు?

కాలువని చాలా తక్కువ వాలుతో తవ్వుతారు. వాలు ఎక్కువైతే నీళ్ళు వడిగా పోయి గట్లని కోసేస్తాయి. కానీ నేల వాలు మన ఇష్టప్రకారం ఉండదు కదా, చాలాచోట్ల కాలువకి కావలసిన దానికన్నా ఎక్కువగా దిగిపోతుంది. అందుకని కొన్ని మైళ్ళు కాలువని మెల్లగా నడిపించి, ఒకచోట మెట్టులాగా కిందికి దించుతారు. అదే డ్రాపు. గోదావరి డెల్టాలో ఇలాంటి చోట్ల లాకులు కనిపిస్తాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఆ కాలువల్లో పడవలు కూడా నడిచేవి. పడవని ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి దించాలన్నా, ఎక్కించాలన్నా లాకు కావాలి.

డ్రాపు దగ్గర ఒకసారి నిలబడి చూడండి. పైనుంచి పడిన నీళ్ళు కింద తెల్లగా నురగలు కక్కుతూ అడుగున కాంక్రీటు దిమ్మెల్ని బాదుతుంటాయి. నీళ్ళ ఊపు చంపడానికే ఆ దిమ్మెలు కడతారు, లేకపోతే కింది కాలువ అడుగు కొట్టుకుపోతుంది. అంటే సర్కారు డబ్బు పెట్టి మరీ ఆ శక్తిని రాత్రింబవళ్ళు వృథా చేస్తోందన్నమాట. మినీ హైడల్ చేసే పనల్లా డ్రాపు పక్కనుంచి ఒక దారి తవ్వి, ఎలాగూ పడబోయే నీళ్ళని టర్బైన్ మీదుగా దింపడం. కొత్త డ్యామ్ అక్కర్లేదు, ముంపు లేదు, ఊళ్ళు ఖాళీ చేయించే పని లేదు. ఈ పద్ధతి మీద నాకు గౌరవం ఉన్నది ఇందుకే.

నీళ్ళ నుంచి కరెంటు ఎలా వస్తుంది?

నీళ్ళు వచ్చే దారి వెంటే వెళ్దాం. కాలువ నుంచి విడిపోయిన నీళ్ళు ముందు ఫోర్‌బే అనే చిన్న తొట్టి లాంటి చోటికి వస్తాయి. అక్కడ వడి తగ్గి నిదానిస్తాయి. తర్వాత ఇనప ఊచల జల్లెడ, దాన్ని ట్రాష్ ర్యాక్ అంటారు. చెత్త అక్కడ ఆగిపోతుంది. దాని వెనక ఇన్‌టేక్ గేటు. గేటు దాటిన నీళ్ళు గైడ్ వేన్ల మధ్యగా పోతాయి. ఇవి కిటికీ రెక్కల్లా తెరుచుకుని మూసుకునే పలకలు. నీళ్ళు రన్నర్‌ని ఎంత వాలుగా తగలాలో, ఎన్ని నీళ్ళు లోపలికి రావాలో ఇవే తేలుస్తాయి.

రన్నర్ అంటే తిరిగే చక్రం. నీటి బరువు, ఒత్తిడి కలిసి దాని రెక్కల్ని తోస్తాయి, ఇరుసు తిరుగుతుంది. ఆ ఇరుసుకే జనరేటర్ బిగించి ఉంటుంది. జనరేటర్ లోపల అయస్కాంతం తిరుగుతుంటే చుట్టూ ఉన్న రాగి తీగ చుట్టల్లో కరెంటు పుడుతుంది. పాతకాలపు సైకిల్ డైనమో చేసిందీ ఇదే. తేడా ఏమిటంటే ఇక్కడి అయస్కాంతం ఇనప దిమ్మెకి తీగ చుట్టి, దానికి డీసీ కరెంటు పంపి తయారుచేసిన విద్యుదయస్కాంతం. ఆ డీసీ పెంచితే వోల్టేజీ పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది.

రన్నర్ దాటిన నీళ్ళు నేరుగా బయటపడవు. పోనుపోను వెడల్పయ్యే డ్రాఫ్ట్ ట్యూబు గుండా నెమ్మదించి, టెయిల్ రేస్ ద్వారా మళ్ళీ కాలువలో కలుస్తాయి. ఈ డ్రాఫ్ట్ ట్యూబుని చాలామంది ఉత్త గొట్టం అనుకుంటారు. బయటికి పోయే నీళ్ళలో ఇంకా మిగిలిన వడిని కూడా లాగి రన్నర్‌కి ఉపయోగపడేలా చేసేది అదే. ఎత్తు తక్కువగా ఉండే కాలువ కేంద్రాల్లో అది సరిగా లేకపోతే ఉత్పత్తి బాగా దెబ్బతింటుంది.

చిన్న యూనిట్లలో (టర్బైన్, జనరేటర్ కలిసిన జతని యూనిట్ అంటాం) కరెంటు 415 వోల్టుల దగ్గర పుడుతుంది, కాస్త పెద్దవాటిలో 3.3, 6.6 లేదా 11 కేవీ దగ్గర. ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని 11 లేదా 33 కేవీకి పెంచుతుంది. అక్కడి నుంచి దగ్గర్లోని సబ్‌స్టేషన్‌కి లైను.

ఎన్ని నీళ్ళకి ఎంత కరెంటు? లెక్క చెప్పగలరా?

చెప్పగలను, చాలా తేలిక. రెండే అంకెలు కావాలి: సెకనుకి ఎన్ని నీళ్ళు, ఎంత ఎత్తు నుంచి. సెకనుకి ఒక ఘనపు మీటరు నీళ్ళు ఒక మీటరు ఎత్తు నుంచి దిగితే 9.81 కిలోవాట్ల శక్తి. అందులో టర్బైన్, గేర్ బాక్స్, జనరేటర్, ట్రాన్స్‌ఫార్మర్ కలిసి తినేది పోగా మంచి కేంద్రంలో సుమారు 85 శాతం చేతికొస్తుంది.

కాలువలో 700 క్యూసెక్కులు వస్తున్నాయనుకోండి. అంటే సెకనుకి సుమారు 20 ఘనపు మీటర్లు. డ్రాపు 6 మీటర్లు, మన లెక్కలో దాదాపు 20 అడుగులు. 9.81ని 20తో, 6తో గుణిస్తే 1,177. అందులో 85 శాతం అంటే 1,000 కిలోవాట్లు, సరిగ్గా ఒక మెగావాటు. రోజంతా ఆగకుండా నడిస్తే 24,000 యూనిట్లు. నెలకి 200 యూనిట్లు వాడే ఇళ్ళు 3,600 దాకా నడుస్తాయి.

తిరగేసి చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. ఆ 6 మీటర్ల డ్రాపు దగ్గర ఒక్క యూనిట్ కరెంటు పుట్టాలంటే సుమారు 72 వేల లీటర్ల నీళ్ళు దిగాలి. పది పన్నెండు పెద్ద ట్యాంకర్లన్నమాట! అదే 100 మీటర్ల ఎత్తున్న చోట 4,300 లీటర్లు చాలు. కొండల్లో సన్నటి ధార కూడా కరెంటుకి పనికొచ్చేది, మైదానంలో మాత్రం కాలువంత నీళ్ళు కావలసి వచ్చేది ఇందుకే. ఒక టీఎంసీ మొత్తం ఆ డ్రాపు దాటితే దాదాపు 3 లక్షల 93 వేల యూనిట్లు వస్తాయి.

కరెంటు తీసేస్తే నీళ్ళలో బలం పోతుందా? పంటకి పనికిరావంటారు, నిజమేనా?

ఈ అనుమానం తరాలుగా ఉంది. అడిగేవాళ్ళని చూసి నవ్వడం తప్పు. నీళ్ళలోంచి ఏదో తీసుకుంటున్నారన్నది నిజమే కదా, ఏం తీసుకుంటున్నారన్నదే ప్రశ్న.

తీసుకునేది పడే ఊపుని. ఉప్పులు, ఖనిజాలు, ఒండ్రు, నీళ్ళలో కరిగిన గాలి, ఇవేవీ టర్బైన్‌లో ఆగిపోవు. పైరు వేరు పీల్చేది నీటిని, అందులో కరిగిన పోషకాల్ని. ఆ నీళ్ళు పైన ఎంత ఎత్తు నుంచి పడ్డాయన్నది వేరుకి సంబంధం లేని విషయం. ఊపు కూడా రైతుకి దక్కాల్సినదేం కాదు, పవర్ హౌస్ లేకపోతే డ్రాపు కింది దిమ్మెల మీద కొట్టుకుని పోయేదే.

మన కళ్ళ ముందున్న రుజువు గోదావరి డెల్టాయే. ఆంధ్ర, ఒడిశా సరిహద్దులోని మాచ్‌ఖండ్‌లో టర్బైన్లు తిప్పిన నీళ్ళు కిందికొచ్చి సీలేరు అవుతాయి. ఎగువ సీలేరులో ఒకసారి, డొంకరాయిలో ఒకసారి, దిగువ సీలేరులో ఇంకోసారి కరెంటు ఇచ్చి శబరిలో, అక్కడి నుంచి గోదావరిలో కలుస్తాయి. గోదావరి సన్నగిల్లిన ఏడాది దాళ్వా (రబీ పంట) గట్టెక్కాలంటే సీలేరు నీళ్ళు వదలమని డెల్టా రైతులే అడుగుతారు. అన్నిసార్లు కరెంటు తీశాక వచ్చిన ఆ నీళ్ళతోనే దాళ్వా వరి పండుతోంది, అదీ సార్వా (ఖరీఫ్) కన్నా ఎక్కువ దిగుబడితో. వాటిలో కొన్ని విజ్జేశ్వరం దగ్గర పశ్చిమ డెల్టా కాలువలోకి మళ్ళి చెట్టిపేటలో మరోసారి టర్బైన్ తిప్పి మరీ చేలోకి వెళ్తాయి.

సరే, బలం పోదు. మరి నీళ్ళు తగ్గవా? శివారు రైతులకి అందుతాయా?

టర్బైన్ నీళ్ళు తాగదు. ఇన్‌టేక్‌లోకి వెళ్ళినన్ని టెయిల్ రేస్‌లోంచి బయటికొస్తాయి. కాబట్టి మొత్తం మీద తగ్గుదల లేదు.

కానీ శివారు రైతు అడిగేదాంట్లో న్యాయం ఉంది. అతని భయం మొత్తం గురించి కాదు, వేళ గురించి. యూనిట్ ఒక్కసారిగా ట్రిప్ అయితే గైడ్ వేన్లు మూసుకుంటాయి. ఆ క్షణంలో డ్రాపు షట్టర్లు తెరుచుకోకపోతే పైన కాలువ మట్టం పెరుగుతుంది, కింద ప్రవాహం పడిపోతుంది. పైన గట్టు బలహీనంగా ఉంటే గండి కూడా పడొచ్చు. కింద ఎవరి వంతు నడుస్తోందో వాళ్ళ మడి ఎండుతుంది. అందుకే సరైన కేంద్రంలో బైపాస్ గేట్లు యూనిట్ ట్రిప్‌తో ముడిపడి ఉంటాయి, లేదా నీళ్ళు వాటంతటవే పొర్లిపోయే ఏర్పాటు ఉంటుంది. పాత డ్రాపుల దగ్గర మాత్రం లస్కర్ (కాలువ కాపలా చూసే ఇరిగేషన్ మనిషి) పరిగెత్తి షట్టర్ ఎత్తాల్సిందే. పవర్ హౌస్ ఆపరేటర్ దగ్గర లస్కర్ ఫోన్ నంబరు, లస్కర్ దగ్గర ఆపరేటర్ నంబరు లేని చోట ఎంత మంచి యంత్రం పెట్టినా గొడవలు తప్పవు.

ఇంకో మాట కూడా ఖచ్చితంగా చెప్పాలి. ఎన్ని నీళ్ళు వదలాలో ఇరిగేషన్ వాళ్ళు తేలుస్తారు, పవర్ హౌస్ వాడుకుంటుంది. సాయంత్రం కరెంటుకి గిరాకీ ఎక్కువని పగలు నీళ్ళు బిగబట్టి రాత్రి వదలడం కాలువ మీద చేయకూడని పని. ఆ పద్ధతి జలాశయం ఉన్న పెద్ద కేంద్రాలకే చెల్లుతుంది.

ఎక్కడ ఏ టర్బైన్ పెడతారు?

ఎత్తుని బట్టి. వందల మీటర్ల నుంచి సన్నటి ధార పడే కొండ ప్రాంతాల్లో పెల్టన్: చక్రం చుట్టూ దొప్పలుంటాయి, నాజిల్ నుంచి వచ్చే ధార వాటిని కొడుతుంది. మధ్యరకం ఎత్తుకి ఫ్రాన్సిస్. కాలువ డ్రాపు లాంటి చోట, అంటే ఎత్తు తక్కువ నీళ్ళెక్కువ ఉన్నచోట కప్లాన్, లేదా దాని చుట్టాలైన ట్యూబులర్, బల్బ్ రకాలు.

కప్లాన్ చూడటానికి ఓడ ప్రొపెల్లర్‌లా ఉంటుంది, కానీ దాని రెక్కల్ని తిరుగుతుండగానే వాలు మార్చొచ్చు. కాలువకి ఇది వరం లాంటిది. సార్వా నాట్లప్పుడు నిండుగా పారే కాలువ, కోతలు దగ్గరపడేసరికి సగానికి పడిపోతుంది. రెక్కలు కదలని టర్బైన్ అయితే సగం నీళ్ళ దగ్గర దాని పనితనం ఘోరంగా పడిపోతుంది. కప్లాన్ రెక్కలు సర్దుకుని దాదాపు అదే పనితనంతో నడుస్తుంది. ఖర్చు తగ్గించుకోవాలని రెక్కలు కదలనిది కొన్నవాళ్ళు, కాలువ తగ్గిన నెలల్లో యూనిట్ ఆపుకుని కూర్చోవాల్సి వస్తుంది.

వేగం సంగతి కూడా చెప్పాలి. ఎత్తు తక్కువైతే రన్నర్ నెమ్మదిగా తిరుగుతుంది, నిమిషానికి 150 చుట్లో ఎంతో. మన గ్రిడ్ 50 హెర్ట్జ్. 150 చుట్లకి 50 హెర్ట్జ్ రావాలంటే జనరేటర్‌కి 40 పోల్స్ (అయస్కాంత ధ్రువాలు) ఉండాలి, అంటే పెద్దది, బరువైనది, ఖరీదైనది. అందుకే చాలా చిన్న కేంద్రాల్లో మధ్యలో గేర్ బాక్స్ పెట్టి 750కో 1,000కో పెంచుతారు. 750 అయితే 8 పోల్స్ చాలు. గేర్ బాక్స్ వల్ల ఖర్చు తగ్గుతుంది కానీ ఆయిల్, బేరింగుల తలనొప్పి ఒకటి వచ్చి చేరుతుంది.

యూనిట్‌ని గ్రిడ్‌కి ఎలా కలుపుతారు? స్విచ్ వేస్తే సరిపోదా?

సరిపోదు. స్విచ్ వేసే ముందు చేసే పనే అసలు పని. లూబ్రికేషన్ ఆయిల్, కూలింగ్ నీళ్ళు, బ్రేకులు వదిలారో లేదో చూసుకుని గైడ్ వేన్లు కొద్దిగా తెరుస్తారు. మొదట సన్నటి గుయ్‌మనే శబ్దం, కాళ్ళ కింద నేల కొంచెం అదురుతుంది. వేగం నెమ్మదిగా పెరిగి అసలు వేగానికి దగ్గరపడ్డాక ఎక్సైటేషన్ (పైన చెప్పిన డీసీ కరెంటు) ఇస్తారు, వోల్టేజీ లేస్తుంది.

ఇప్పుడు గ్రిడ్ వోల్టేజీ, మన వోల్టేజీ సమానంగా ఉండాలి. రెండిటి ఫ్రీక్వెన్సీ కలవాలి. ఫేజుల వరస ఒకటే కావాలి. ఆ పైన రెండు అలలూ ఒకే క్షణంలో లేచి ఒకే క్షణంలో పడాలి. దీనికి ప్యానెల్ మీద సింక్రోస్కోప్ అనే గుండ్రటి మీటరు ఉంటుంది. దాని ముల్లు గడియారం ముల్లు తిరిగే వైపే, చాలా నెమ్మదిగా తిరుగుతుండాలి. అలా తిరిగితే మన యూనిట్ గ్రిడ్ కన్నా వెంట్రుకవాసి వేగంగా ఉందని అర్థం. ముల్లు పన్నెండు దగ్గరికి చేరుతుండగా బ్రేకర్ (గ్రిడ్‌కి కలిపే పెద్ద స్విచ్) వేయాలి. సరిగ్గా పడితే ఏ చప్పుడూ తేడా రాదు, యూనిట్ గ్రిడ్‌తో కలిసి నడవడం మొదలవుతుంది. తప్పు వేళలో వేస్తే ఇరుసు మీద పడే దెబ్బకి కప్లింగులు విరగొచ్చు, వైండింగులు చెదరొచ్చు. ఇప్పుడు చాలాచోట్ల ఆటో సింక్రనైజర్లు వచ్చాయి, టెన్షన్ తగ్గింది. అయినా చేత్తో సింక్ చేయడం రాని ఆపరేటర్‌ని నేను పూర్తి ఆపరేటర్ అనను. ఆటో పనిచేయని రోజు ఒకటి వస్తుంది.

ఊళ్ళో కరెంటు పోయినప్పుడు పక్కనే ఉన్న పవర్ హౌస్ కూడా ఎందుకు ఆగిపోతుంది?

పవర్ హౌస్ పక్కనే ఉండి కూడా చీకట్లో కూర్చోవడమేమిటని ఊరివాళ్ళు కోప్పడతారు. కారణాలు రెండు.

మొదటిది ప్రాణాల సంగతి. లైను పోయిందంటే ఎక్కడో లైన్‌మన్ ఎల్‌సీ (లైను ఆపి పనిచేసే అనుమతి) తీసుకుని స్తంభం ఎక్కి ఉండొచ్చు. మన యూనిట్ అటువైపు కరెంటు తోస్తూనే ఉంటే అతని ప్రాణం పోతుంది. అందుకే గ్రిడ్ పోయిన క్షణాల్లో యూనిట్ దానంతటదే విడిపోయేలా రిలేలు (తేడా పసిగట్టి బ్రేకర్‌ని తెరిచే పరికరాలు) పెడతారు.

రెండోది యంత్రం సంగతి. లోడు ఒక్కసారిగా పోతే టర్బైన్‌ని ఆపి ఉంచేది ఏమీ ఉండదు, నీళ్ళ తోపు అలాగే ఉంటుంది. వేగం అమాంతం పెరుగుతుంది. గవర్నర్ (టర్బైన్ వేగాన్ని అదుపు చేసే పరికరం) సకాలంలో గైడ్ వేన్లు మూయకపోతే కప్లాన్ రకం మామూలు వేగానికి రెండు రెట్లు దాటి పోగలదు. పైగా చాలా చిన్న కేంద్రాల్లో వాడేది ఇండక్షన్ జనరేటర్. దానికి అయస్కాంతం పుట్టడానికి కావలసిన కరెంటే గ్రిడ్ నుంచి రావాలి. గ్రిడ్ పోతే అది కూడా ఆగిపోతుంది.

గ్రిడ్ లేకుండా ఒక ఊరికో, కొన్ని వీధులకో విడిగా ఇవ్వడం సాధ్యమే. దానికి సింక్రనస్ జనరేటర్, మంచి గవర్నర్, వేరే ఫీడరు, డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) అనుమతి కావాలి. ఇవన్నీ ముందే డిజైన్‌లో ఉండాలి, తర్వాత అతికిస్తే కుదరదు.

రోజువారీగా ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఏది?

చెత్త. ఇంకో మాట లేదు.

డెల్టా కాలువల్లో గుర్రపుడెక్క దిగిందంటే ట్రాష్ ర్యాక్ ముందు పచ్చటి చాప పరిచినట్టు పేరుకుంటుంది. పైన ఆకు కనిపిస్తుంది కానీ అసలు బాధ కింద జుట్టులా వేలాడే వేళ్ళతో. అవి ఊచల మధ్య అల్లుకుపోతాయి. వాటికి ప్లాస్టిక్ సంచులు, అరటి బొదెలు, పండగల తర్వాత విగ్రహాల గడ్డి, చీరలు, ఒక్కోసారి చచ్చిన పశువులు. మనిషి పొడవాటి పంటికర్రతో పైకి లాగుతుంటే ఒక్కో గుత్తి నీళ్ళతో కలిపి మోయలేనంత బరువుంటుంది. పెద్ద కేంద్రాల్లో దీనికి మెషీన్లు ఉంటాయి, చాలా చిన్న కేంద్రాల్లో మనుషులే.

శుభ్రం చేయకపోతే ఏమవుతుందో అంకెల్లో చూడండి. ర్యాక్‌కి ముందు మట్టం, వెనక మట్టం మధ్య 30 సెంటీమీటర్ల తేడా వచ్చిందనుకోండి. 6 మీటర్ల డ్రాపులో అది 5 శాతం. పైన చెప్పిన ఒక మెగావాటు కేంద్రంలో రోజుకి 1,200 యూనిట్లు పోయినట్టే. తేడా ఇంకా పెరిగితే ఊచలు వంగి ర్యాక్ లోపలికి కూలే ప్రమాదం ఉంది. ఆ ఇనుము రన్నర్‌లో పడితే ఆ సీజన్ అంతటితో సరి.

ఇసుక, ఒండ్రు రెండో శత్రువు. హిమాలయాల వైపు నీళ్ళలో గట్టి రేణువులు ఎక్కువగా ఉండటంతో అక్కడ రన్నర్లు త్వరగా అరిగిపోతాయి. మన కాలువల్లో అంత తీవ్రం కాదు. మూడోది కావిటేషన్. రెక్కల వెనక ఒత్తిడి బాగా పడిపోయినచోట నీళ్ళలో ఆవిరి బుడగలు పుట్టి, పగిలి, లోహాన్ని చిన్న చిన్న గుంటలుగా తినేస్తాయి. లోపల గులకరాళ్ళు దొర్లుతున్నట్టు శబ్దం వస్తే అదే అని అనుమానించాలి.

ఏడాది పొడవునా నడుస్తుందా?

కాలువ నడిచినన్నాళ్ళే. దాళ్వా అయ్యాక వేసవిలో కాలువలు కట్టేస్తారు, అప్పుడు యూనిట్ ఆగుతుంది. అది సెలవు అనుకోకండి. రన్నర్ రెక్కలకి వెల్డింగు, సీళ్ళు మార్చడం, గేర్ బాక్స్ ఆయిల్, గేట్లకి గ్రీజు, రంగు, ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ పరీక్ష, అన్నీ ఆ కొద్ది వారాల్లోనే పూర్తి కావాలి. మళ్ళీ నీళ్ళు వదిలే రోజుకి సిద్ధంగా లేకపోతే, ఆ తర్వాత పోయే ప్రతి రోజూ తిరిగి రాని ఉత్పత్తి. కరువు ఏట కాలువకి నీళ్ళే రాకపోతే చేయగలిగింది ఏమీ లేదు.

దేశంలో మొదటి జలవిద్యుత్ ఎక్కడ పుట్టింది?

డార్జిలింగ్ దగ్గర సిద్రాపాంగ్‌లో, 1897 నవంబర్ 10న. 130 కిలోవాట్లు, డార్జిలింగ్ పట్నం వీధి దీపాలకి. ఈనాటి లెక్కలో అది మినీ. తర్వాత 1902లో కావేరి మీద శివనసముద్రం, అక్కడి కరెంటు కోలారు బంగారు గనులకి వెళ్ళింది. అంటే మన జలవిద్యుత్ చరిత్ర మొదలైందే చిన్న కేంద్రంతో.

ఇప్పుడు దేశం మొత్తం మీద చిన్న జలవిద్యుత్‌కి ఉన్న అవకాశం సుమారు 21 వేల మెగావాట్లని ఐఐటీ రూర్కీ అంచనా. అందులో 5 వేలకి కాస్త పైన మాత్రమే కట్టారు.

పర్యావరణానికి హాని లేదంటారా?

కాలువ డ్రాపు మీద, పాత డ్యామ్ తూము దగ్గర కట్టినవాటికి హాని దాదాపు లేదు, ఎందుకంటే నదిని మార్చే పని అప్పటికే అయిపోయింది. కొండవాగుల మీద కట్టేవాటి సంగతి వేరు. వాగుని పైన మళ్ళించి గొట్టంలో దింపితే, మళ్ళించిన చోటికీ పవర్ హౌస్‌కీ మధ్య వాగు అడుగు ఎండిపోతుంది. చేపలు, వాగు నీళ్ళ మీద బతికే ఊళ్ళు నష్టపోతాయి. ఒకే వాగు మీద వరసగా నాలుగైదు కడితే మైళ్ళ పొడవునా వాగు గొట్టాల్లోనే పారుతుంది.

25 మెగావాట్ల లోపు జలవిద్యుత్ ప్రాజెక్టులకి 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ కింద ముందస్తు పర్యావరణ అనుమతి అవసరం లేదు. అటవీ భూమి కావాలంటే ఆ అనుమతి వేరే తీసుకోవాలి. ఈ మినహాయింపు కాలువ కేంద్రాలకి న్యాయమైనదే. అడవిలో పారే వాగుకీ అదే కొలత పెట్టడం నాకు సరిగా అనిపించదు. అక్కడ వేసవిలో కూడా వాగులో ఇంత నీరు వదిలి తీరాలన్న షరతుని కాగితం మీద రాయడం కాదు, కొలిచి అమలు చేయాలి.

మా ఊరి గెడ్డ (వాగు) మీద మేమే పెట్టుకోవచ్చా?

పాడేరు, అరకు వైపు నుంచి ఈ ప్రశ్న ఎక్కువగా వస్తుంది. గ్రిడ్‌కి అమ్మాలంటే ఆంధ్రప్రదేశ్‌లో ఎన్‌ఆర్‌ఈడీక్యాప్ (పాత పేరు నెడ్‌క్యాప్), తెలంగాణలో రెడ్కో అనే పునరుత్పాదక ఇంధన సంస్థల దగ్గర మొదలుపెట్టాలి. ఆ తర్వాత నీటి వాడకానికి ఇరిగేషన్ శాఖ, కొనుగోలు ఒప్పందానికి డిస్కం, ధరకి విద్యుత్ నియంత్రణ మండలి. దారి పొడవైనదే. ఏజెన్సీ భూముల్లో అయితే అక్కడి చట్టాలు, గ్రామసభ మాట కూడా చూసుకోవాలి.

ఊరి అవసరానికి ఐదారు కిలోవాట్లు చాలనుకుంటే ముందు కొలతలు తీయండి. గెడ్డలో తిన్నగా పారే ఒక పది మీటర్ల మేర ఎంచుకుని, ఎండుకొబ్బరి చిప్పో చెక్కముక్కో వదిలి ఎన్ని సెకన్లలో దాటిందో చూడండి. 20 సెకన్లు పట్టిందంటే పైనీళ్ళ వేగం సెకనుకి అర మీటరు. అడుగున నీళ్ళు నెమ్మదిగా పోతాయి కాబట్టి దాన్ని 0.8తో గుణిస్తే 0.4. వెడల్పు ఒక మీటరు, సగటు లోతు 20 సెంటీమీటర్లయితే సెకనుకి 80 లీటర్లు. 15 మీటర్ల దిగుడు ఉంటే, చిన్న యంత్రాల పనితనం 60 శాతం అనుకున్నా, 7 కిలోవాట్లు వస్తాయి.

ఈ కొలత వానాకాలంలో తీస్తే మోసపోతారు. మే నెలలో తీయండి. అది కూడా మొత్తం వాడుకోకుండా కొంత గెడ్డలో వదిలేయండి. ఉత్తరాఖండ్‌లో పిండి మరలు తిప్పే ఘరాట్‌లకి జనరేటర్లు బిగించి ఇలాగే ఊళ్ళకి దీపాలిచ్చారు. ఇంత చిన్నదానికి ఖరీదైన గవర్నర్ పెట్టరు, లోడ్ కంట్రోలర్ అనే ఎలక్ట్రానిక్ పెట్టె పెడతారు. ఇళ్ళలో వాడకం తగ్గినప్పుడు మిగిలిన కరెంటుని నీళ్ళు కాచే హీటర్‌కి మళ్ళించి వేగం నిలకడగా ఉంచుతుంది. యంత్రం కన్నా ముందు తేల్చుకోవాల్సింది మాత్రం రోజూ జల్లెడ శుభ్రం చేసేదెవరు, బేరింగు పోతే డబ్బిచ్చేదెవరు అన్నది.

పవర్ హౌస్ దగ్గర ఈత కొట్టొచ్చా? పశువుల్ని కడగొచ్చా?

వద్దు. ఇన్‌టేక్ వైపు నీళ్ళు పైకి నిలకడగా కనిపిస్తాయి, లోపల లాగుడు ఎక్కువ. ర్యాక్‌కి అతుక్కున్న మనిషిని ఇద్దరు ముగ్గురు లాగినా రారు. టెయిల్ రేస్ వైపు ఇంకో ప్రమాదం: యూనిట్ ఆగి ఉన్నప్పుడు మోకాలి లోతు కూడా లేని చోట, స్టార్ట్ చేసిన కొద్ది నిమిషాల్లో నిలువెత్తు నీళ్ళు వడిగా వస్తాయి. యూనిట్ వదిలే ముందు సైరన్ మోగిస్తారు. అది వినగానే పిల్లలు, పశువులు గట్టు మీదికి వచ్చేయాలి. పశువుల్ని కడగాలంటే కాలువ మీద ఇంకా కిందికి, రేవు ఉన్నచోటికి తీసుకెళ్ళండి.